పచ్చగా నిలిచిన కంది

పూత మీదున్న కంది చేనులో ఒక్కో చెట్టు ఉన్నట్టుండి వడలిపోతుంది. నేలలో పదును ఉంటుంది, పక్క చెట్టు నిక్షేపంగా ఉంటుంది. అలాంటిది కంటబడితే నేను ఆగి, మొదలు దగ్గర కాండాన్ని చీల్చి చూస్తాను. లోపల నల్లటి చారలుంటే ఎండు తెగులే. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం సన్నటి వేళ్లలోంచి దూరి, నీళ్లు పైకెక్కే నాళాల్లో కాపురం పెట్టింది. తడి నేలలో నిలబడే ఆ చెట్టు దాహంతో చస్తుంది.

ఆపైన నా కళ్లు పక్కనున్న పచ్చటి చెట్టు మీదికి పోతాయి. అది తెగులును ఎదిరించి నిలిచిందా, లేక దాని వేళ్ల దాకా తెగులు రానేలేదా? మామూలు చేలో ఈ సంగతి తేల్చలేం. తేల్చడానికే ఒక నేలను పనిగట్టుకుని తెగులుపాలు చేసిన చోటు మా సంగారెడ్డి జిల్లాలోనే ఉంది. పటాన్‌చెరు అంటే అందరికీ ఫ్యాక్టరీల చిమ్నీలు గుర్తొస్తాయి. నాకు అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పెంచిన ‘సిక్ ప్లాట్’, అంటే ఆ తెగులు మడి, గుర్తొస్తుంది.

1972లో పుట్టిన ఆ సంస్థలో మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త వై.ఎల్. నేనె, ఆయన సహచరులు ఎండిన కంది మొక్కలను ముక్కలుగా కోసి ఏటా అదే నేలలో కలిపారు. తెగులుకు లొంగే రకాలనే మళ్లీ మళ్లీ విత్తారు. మడి అంతటా శిలీంధ్రం సమంగా పరుచుకునేదాకా ఇదే పని. ఆ తర్వాత, పరీక్షకు పెట్టిన రకాల మధ్య మధ్య లొంగే రకం సాళ్లు వేస్తారు. ఆ సాళ్లు ఎండిపోతేనే పక్కన మిగిలిన పచ్చదనానికి విలువ. రోగాన్ని ఇంత శ్రద్ధగా పెంచిన ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను. అక్కడ నెగ్గిన ఐసీపీ 8863 అనే కంది రకం ‘మారుతి’ పేరుతో 1986లో కర్ణాటక రైతులకు అందింది. దానికి గొడ్డుమోతు తెగులు గండం ఉండేది. ఈ రెండు తెగుళ్లనూ తట్టుకునే ‘ఆశ’ 1993లో వచ్చింది.

ఇలాంటి మొక్క ఎలా నెగ్గుతుంది? దాని వేరు శిలీంధ్రం కణగోడలోని కైటిన్ తునకలు తగలగానే పసిగడుతుంది. కణాల గోడలు మందమవుతాయి, లిగ్నిన్ పేరుకుంటుంది. కైటిన్‌ను కోసే ఎంజైములు, కజనాల్ వంటి విషాలు ఊరుతాయి. తెగులు చేరిన నాళాన్ని జిగురుతో మూసేసి శత్రువును అక్కడే బంధిస్తుంది. లొంగే రకాలకూ ఈ ఆయుధాలు చాలావరకు ఉన్నాయి, తేడా అంతా వేగంలోనే. ఆలస్యంగా మేల్కొన్న మొక్క అప్పటికే శిలీంధ్రం పాకిన నాళాలన్నీ మూసుకుంటూ పోయి తన నీళ్లు తానే ఆపుకుంటుంది.

రకం ఒక్కటే కాదు, సాగు తీరూ ముఖ్యమే. జహీరాబాద్ వైపు చెలకల్లో జొన్నలో కంది సాళ్లు వేసే అలవాటు పాతదే. జొన్న తోడుంటే ఎండు తెగులు తగ్గుతుందని ఇక్రిశాట్ పరీక్షల్లోనూ తేలింది. ఏటా ఒకే చెలకలో ఒట్టి కందే వేస్తూ పోతే రైతు నేలే సిక్ ప్లాట్ అయిపోతుంది.

ఇప్పుడు నా బెంగ శనగ మీద. ఎండు తెగులును తట్టుకునే జేజీ 11 వంటి రకాలు మనకున్నాయి. కానీ కాయ పట్టే వేళ ఎండ 30 డిగ్రీలు దాటి, నేల పొడిబారితే ఎండు వేరుకుళ్లు దిగుతుంది. పీకితే తల్లివేరు పుటుక్కున విరుగుతుంది, పిల్లవేళ్లు కుళ్లిపోయి ఉంటాయి. దాన్ని గట్టిగా తట్టుకునే రకాలు అరుదు. వేడి ఏటేటా పెరుగుతోంది కాబట్టి ఈ తెగులుకూ కందికి చేసినట్టే ఏళ్ల తరబడి తెగులు మడులు పెంచాలి. అందుకు కావలసిన డబ్బు, మనుషులు ఇప్పుడే దొరకాలి.