‘ఉన్నకాడ’ ఎవరికి ఉంది? - చౌరస్తా బ్యాండు పాట ‘చేతులెత్తి మొక్కుతా’

గత పాఠ్యభాగాల్లో గేయాన్ని పుస్తకంలో చదివి, సినిమా పాటను కథలోని సన్నివేశంతో కలిపి పరిశీలించాం. ఈ భాగంలో ఆ రెండు ఆధారాలూ లేని పాటను తీసుకుంటున్నాం. దీనికి సినిమా లేదు, ముందూ వెనుకా మరో పాట లేదు. ఒక్కటిగా వచ్చింది, ఫోన్‌లో మోగింది. ఇంగ్లీషు సంగీత ప్రపంచంలో ఇలాంటి విడి పాటను ‘సింగిల్’ అంటారు. ఒకప్పుడు అది చిన్న గ్రామఫోన్ రికార్డు, ఇప్పుడు ఒక యూట్యూబ్ వీడియో. మన కరీంనగర్ వైపు పాటలు కట్టేవాళ్ళు దీన్నే ‘ప్రైవేటు పాట’ అంటున్నారు. పేరు ఏదైనా, ఇలాంటి పాటను విమర్శించేటప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. ఎవరు, ఎవరితో, ఎక్కడ నిలబడి పాడుతున్నారు? సినిమా పాటలో ఆ జవాబు కథ చెబుతుంది. ఇక్కడ పాటే చెప్పుకోవాలి.

చౌరస్తా హైదరాబాదులో ఏర్పడిన తెలుగు బ్యాండు. సినిమాకు వెలుపల, సొంత పాటలు రాసుకొని పాడే బృందం. పాశ్చాత్య దేశాల్లో పెద్ద కంపెనీల అభిరుచికి పక్కగా నడిచిన రాక్ బృందాలను ‘ఆల్టర్నేటివ్’ అన్నారు. తెలుగులో సినిమా పాటే పెద్ద కంపెనీ కాబట్టి దానికి పక్కగా నడిచేవాళ్ళందరినీ ఆ వరుసలో చేర్చవచ్చు. చౌరస్తా వాళ్ళ సంగీతంలో జానపదమూ రెగేయే ఎక్కువ. బ్యాండు పేరు కూడా గమనించండి. కోస్తావాళ్ళు ‘సెంటర్’ అనేచోట మనం ‘చౌరస్తా’ అంటాం. కరీంనగర్ విద్యార్థులకు కమాన్ చౌరస్తా తెలియనిది కాదు.

‘చేతులెత్తి మొక్కుతా’ 2020లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో వచ్చింది. పాడినది రామ్ మిరియాల. ఆ రోజుల్లో నేను ఉన్నది కరీంనగర్‌లోనే. విదేశాల నుంచి వచ్చిన మతప్రచారకుల బృందంలో కొందరికి వ్యాధి ఉన్నట్లు మార్చి మూడో వారంలో తేలింది. ముకరంపుర ప్రాంతంలో రాకపోకలు ఆపి, వైద్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. దేశమంతటికీ లాక్‌డౌన్ మార్చి 25న వస్తే, మాకు అది వారం ముందే వచ్చినట్లయింది. ఇంటి బయట రెండు రకాల మాటలు వినిపించేవి. ఒకటి లాఠీ పట్టుకున్న గదమాయింపు. రెండోది, వ్యాధిని ఒక మతానికి అంటగట్టే గుసగుస. అలాంటి సమయంలో ఒక పాత విద్యార్థి ఈ పాట పంపాడు. ఇందులో గదమాయింపు లేదు, ఎవరి మీదా వేలు చూపడం లేదు. నాకు మొదట నచ్చింది అదే.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. పాట చెప్పేది చాలా కొద్ది. చేతులు కలపవద్దు, బయట అడుగు పెట్టవద్దు, ఉన్నచోట ఉండు, గంజి తాగి పడుకో, మంచిరోజులు వచ్చేదాకా ఓపిక పట్టు. ఆరోగ్యశాఖ కరపత్రంలో ఉండే విషయమే. కరపత్రం పాట అయింది భాష వల్ల. ‘ఉన్నచోట’ అనక ‘ఉన్నకాడ’ అంటాడు. ‘పడుకో’ అనక ‘పండు’ అంటాడు. ‘నిమ్మళం’ అన్న మాట వాడతాడు. అది ‘శాంతంగా’ అన్నదానికి సమానం కాదు, జ్వరం దిగినప్పుడూ గొడవ చల్లారినప్పుడూ మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అనే మాట.

అన్నిటికన్నా ముఖ్యం మొక్కడం. పాట చేతులెత్తి మొక్కడంతో ఆగదు, కాళ్ళు కూడా మొక్కుతానంటుంది. తెలంగాణలో ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. ‘బాంచెన్ దొరా, కాల్మొక్త’ అన్నది గడీ ముందు చెప్పులు విడిచి నిలబడిన మనిషి మాట. ఆ మాట అనవలసిన అవసరం పోవాలనే 1940ల సాయుధ పోరాటం జరిగింది. 1978లో జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర చేసిందీ అందుకే. కింది నుంచి పైకి పోయే ఆ మాటను ఈ పాట పక్కకు తిప్పింది. ఇక్కడ మొక్కేవాడు బానిస కాడు, మొక్కించుకునేవాడు దొర కాడు. ప్రతి చరణంలోనూ చివర ‘రా’ ఉంది కదా, దోస్తును పిలిచే ‘రా’. కాళ్ళు మొక్కుతూ ‘రా’ అనడం వ్యాకరణం ఒప్పుకోని పొత్తు. మర్యాద ఒకటి, సంబోధన మరొకటి. ఆ రెండూ ఢీకొనేచోటే పాటకు ప్రాణం వచ్చింది. లాఠీ పట్టుకున్నవాడూ ‘రా’ అనే అన్నాడు, కానీ మొక్కలేదు.

లయ సంగతి కొంచెం ఓపికగా వినండి. రెగే 1960ల చివర జమైకాలో పుట్టిన సంగీతం. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ చప్పట్లు కొడితే మనం సహజంగా ‘ఒకటి’ మీద బరువు వేస్తాం. రెగేలో ఆ మొదటి దెబ్బను తేలికగా వదిలేసి, గిటారు ఎదురు దెబ్బ మీద పలుకుతుంది. దాంతో పాట ముందుకు ఉరకదు, నిలబడి ఊగుతుంది. మన దప్పు మనిషిని ఊరేగింపులోకి లాగుతుంది. రెగే ఉన్నచోటే ఊపుతుంది. కదలవద్దు అని చెప్పే పాటకు ఇంతకన్నా తగిన నడక దొరకదు. ఇది తెలిసి చేశారా, అలవాటుగా వచ్చిందా అన్నది విమర్శకుడికి అవసరం లేదు. పాటలో ఉంది, అంతే.

అయితే రెగేకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. అది ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడిన వాళ్ళ వారసులు కట్టిన సంగీతం. దాని లోపల ఎప్పుడూ మోగేది ఇంటికి తిరిగిపోవాలన్న కోరిక. బాబ్ మార్లీ 1977 ఆల్బం పేరే ‘ఎక్సోడస్’, అంటే ఒక ప్రజ మొత్తం లేచి తమ నేలకు నడిచిపోవడం. ఇంతకు ముందే చౌరస్తా వాళ్ళ మరో సింగిల్ ‘ఊరెళ్ళిపోతా మామా’ పేరు తెచ్చుకుంది. పట్నంలో ఉన్నవాడు ఎర్రబస్సెక్కి ఊరికి తిరిగిపోతానంటాడు అందులో. అంటే అదే బృందం ఒకసారి ‘ఊరికి పోతా’ అన్నది, ఇంకోసారి ‘ఉన్నకాడ ఉండు’ అన్నది. ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి వినమని మిమ్మల్ని కోరుతున్నాను. నా ఫిర్యాదు అక్కడే మొదలవుతుంది.

‘ఉన్నకాడ’ అన్న మాట అందరికీ ఒక కాడ ఉందని అనుకుంటుంది. 2020 ఏప్రిల్‌లో అది నిజం కాదు. పెద్దపల్లి ఇటుక బట్టీల్లో ఒడిశా కూలీలు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో ఉత్తరాది కూలీలు ఉన్నకాడ పని ఆగింది. హైదరాబాదు నుంచి నాగ్‌పూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి నిర్మల్, ఆదిలాబాద్ జిల్లాల మీదుగానే పోతుంది. ఆ దారిన పిల్లలను భుజాన వేసుకొని నడిచిన వాళ్ళను ఆ వైపు విద్యార్థులు చూసే ఉంటారు. వాళ్ళు పాడవలసి వస్తే ‘ఊరెళ్ళిపోతా’ అనే పాడతారు. ఎర్రబస్సు మాత్రం నడవడం లేదు. వలస కూలీలకు మొదటి ప్రత్యేక రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు కదిలింది మే 1న. గంజి మాట కూడా అంతే. రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డున్న ఇంట్లో మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ప్రకటించింది. వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు. బియ్యం వచ్చినా వండుకోవడానికి పొయ్యీ కప్పూ కావాలి కదా. జగిత్యాల, నిర్మల్ ఇళ్ళ నుంచి గల్ఫ్‌కు పోయి క్యాంపు గదుల్లో చిక్కుకున్నవాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

పాట మొదటి రోజుల్లో పుట్టింది, తరువాత జరిగేది దానికెలా తెలుస్తుందని మీరు అనవచ్చు. న్యాయమే. అయినా గంజిని ఎంచుకున్న కవి పేదవాణ్ణే ఉద్దేశించాడు. పేదవాడికి చెప్పే మాటలో ఇల్లు ఉందని ముందే అనుకోవడం పాటలోని లోపం, రోజులది కాదు. మంచి పాటకే ఇంత గట్టి ప్రశ్న వేస్తాం. నాసి పాటను వదిలేస్తాం.

వీడియో గురించి ఎక్కువ చెప్పను. ఇందులో కథ లేదు, నాయికానాయకులు లేరు. అది ఆ కాలపు నిర్బంధం, కానీ పాటకు మేలే చేసింది. మొక్కేవాడికీ మనకూ మధ్య ఎవరూ అడ్డు రాలేదు. దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ మరుసటి ఏడు వచ్చిన ‘బుల్లెట్టు బండి’. గాయని మోహన భోగరాజు పాట అది. 2021 ఆగస్టులో మంచిర్యాల వైపు ఒక బరాత్‌లో పెళ్ళికూతురు వరుడి ముందు ఆ పాటకు ఆడింది. ఎవరో ఫోన్‌లో తీసిన ఆ దృశ్యం అసలు వీడియోకన్నా ఎక్కువ మాట్లాడుకునేది అయింది. సింగిల్‌కు సొంత సన్నివేశం ఉండదు కాబట్టి వినేవాళ్ళు తమ సన్నివేశాన్ని దానికి తొడుగుతారు. మంచిర్యాల పెళ్ళికూతురు తొడిగింది సంతోషాన్ని. రహదారి మీద నడిచినవాళ్ళు ‘చేతులెత్తి మొక్కుతా’కు ఏ సన్నివేశం తొడుగుతారో ఎవరూ ఫోన్‌లో తీయలేదు.

రామ్ మిరియాల గొంతు తరువాత సినిమాలోకి పోయింది. సిరిసిల్ల ప్రాంతంలో తీసిన ‘బలగం’ (2023)లో మంగ్లితో కలిసి ‘ఊరు పల్లెటూరు’ పాడాడు. ఆ పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. అక్కడ ఊరు ఉంది, మనిషి అందులోనే ఉన్నాడు, సినిమా ఆ రెంటినీ కళ్ళకు చూపింది. సింగిల్‌కు ఆ సౌకర్యం లేదు.

ఈ భాగానికి అసైన్‌మెంటు. 2020 వేసవిలో ఇల్లు చేరలేకపోయినవారు మీ ఇంట్లోనో వాడలోనో ఒకరైనా ఉంటారు. వారికి రెండు పాటలూ వినిపించండి. ఏ మాట దగ్గర వారు నవ్వారో, ఏ మాట దగ్గర ఆపమన్నారో వారి మాటల్లోనే రాయండి. వారు ‘ఉన్నకాడ’ అన్నదానికి ఏ అర్థం చెప్పారో తప్పక ఉండాలి. రెండు పేజీలు దాటవద్దు.