ఏటి మేటి జాజ్ రికార్డు

ఏటేట మేటి జాజ్ రికార్డుల నెన్నువారు కళాకారుల పట్టికను చూచియే మురియుట కలదు. ‘రిమెంబర్ శక్తి’ బృందమువారి 2001 నాటి ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’లో అతిథులు పెక్కురు, సందడియు నెక్కువయే. మేము 2000లో వెలువడిన ‘ది బిలీవర్’నకే అగ్రతాంబూల మిత్తుము. అందు నలుగురే: జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జాకీర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీర, మన పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్. విదేశవాద్యముపై గమకమును పలికించుట యటుంచి, గిటారు ముగియువరకు శ్రీనివాస్ ఓపికతో వేచి, ఆ పలుకునే మలచి బదులిచ్చును. మా చిన్ననాట పొడంపేట యొడ్డున వల లాగునపుడు ఒకరు పాడగా తక్కినవా రందుకొనెడివారు. అందరు నొక్కమారే యెత్తుకొనిన వల కదలదు. ఆ యొడ్డును కడలి కోసినది. శ్రీనివాస్ 2014లో, నలుబదియైదేండ్ల ప్రాయమున, కన్నుమూసిరి. రికార్డు మా యింట నున్నది.