చుట్టరికం లేనివాళ్లు

విశేషణాలతో నా తగాదా మీకు కొత్త కాదు. ఈ వారం అది బాలాపూర్ దాకా పోయింది.

హైదరాబాద్ శివార్లలో ఉన్న ఆ బాలాపూర్‌లో బర్మా నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలుంటాయి. తీరిక దొరికినప్పుడల్లా వెళ్లి వాళ్లకు కాగితాలు రాసిపెట్టే ఓ కాలేజీ అమ్మాయి, ఒక తల్లి తరఫున రాసిన వాంగ్మూలం తెచ్చి చూపించింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకు ఇవ్వాల్సిన కాగితం అది. "ఎక్కడైనా తగ్గిందేమో చూడండి అంకుల్" అంది. తగ్గడమా! ఊరు తగలబడిన రాత్రి ఆకాశం కూడా కంటతడి పెట్టిందట. నాకు ఒళ్లు మండింది. ఆ తల్లి నిజంగా ఏమందని అడిగాను. నాఫ్ నది దాటాం, అత్త నడవలేకపోయింది, ఏ నెలో గుర్తులేదు, వరి కోతలు ఇంకా కాలేదు - ఇంతే అందట.

ఆ వరి కోతలు తీసేసి అమ్మాయి ఒక తేదీ వేసింది. ప్రమాదమంతా అక్కడే. రేపు ఇంటర్వ్యూలో అధికారి అడిగితే ఆ తల్లి మళ్లీ వరి కోతల సంగతే చెబుతుంది. కాగితానికీ నోటికీ పొంతన లేకపోతే అనుమానం ఆమె మీద పడుతుంది గానీ, రాసినవాళ్ల మీద కాదు. ఈ పనిలో నేర్పల్లా చెయ్యి ఆపుకోవడమే. చెప్పిన వరసలోనే రాయాలి. తెలియదంటే తెలియదనే రాయాలి. చివర్లో ఆమెకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. కథ రక్తి కట్టించాలన్న సరదా ఉంటే పత్రికలున్నాయి, మేమున్నాం.

తేదీల్లేని నడక గురించి చిన్నప్పుడే విన్నాను. మా వైపు రంగూన్‌ని రంగం అనేవారు. 1942లో అక్కణ్నుంచి నడిచొచ్చిన ఓ పెద్దావిడ మాకు రంగం అమ్మమ్మ. ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పేది కాదు. ఓసారి కొండ ముందొచ్చేది, ఓసారి వాగు. తోడొచ్చినవాళ్ల పేర్లూ మారిపోయేవి. దారిలో అమ్మేసిన కాసులపేరుకు ఎన్ని శేర్ల బియ్యమిచ్చారో మాత్రం ఎప్పుడడిగినా ఒకటే లెక్క. కోరంగి రేవులో ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలో కోరంగీలనేవారు. ఓడరేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక బర్మా నుంచి లక్షలాదిమంది భారతీయులు కట్టుబట్టలతో బయల్దేరారు. వాళ్లు నడిచిన దారుల్లో ఒకటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్ చేరేది. అరకాన్ అంటే ఇప్పటి రఖైన్. రోహింగ్యాల ఊళ్లు అక్కడివే.

ఇక ఎటు పోతానో మీరు కనిపెట్టే ఉంటారు. మనవాళ్లూ ఆ దారిన నడిచినవాళ్లే గనక వీళ్లను ఆదుకోవాలి అని. సభల్లో ఈ మాటకు చప్పట్లు బాగా పడతాయి. కానీ నిలబడే వాదన కాదిది. రంగం అమ్మమ్మ వచ్చింది సొంతూరికి. ఆమెను పరాయిదని ఎవరూ అనలేదు. రోహింగ్యాల్లో చాలామందికి 1982 నాటి బర్మా చట్టం అసలు పౌరసత్వమే లేకుండా చేసింది. వెళ్లిపొమ్మంటే ఎక్కడికి? పైగా చుట్టరికం చూపించి ఆశ్రయం అడిగితే, మనతో ఏ చుట్టరికమూ లేని సోమాలియావాడి గతేమిటి? చుట్టరికమూ ఒక విశేషణమే.

1951 శరణార్థుల ఒడంబడికలో మన దేశం చేరలేదు. అయినా 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు, వాళ్లు పౌరులా కాదా అన్నదానితో పని లేకుండా, వాళ్ల ప్రాణాలు కాపాడాల్సింది ప్రభుత్వమేనని చెప్పింది. రోహింగ్యాల విషయానికొచ్చేసరికి, 2021 నాటి మధ్యంతర ఉత్తర్వులో, ప్రాణరక్షణకు హామీ ఇచ్చే రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణం అందరికీ వర్తిస్తుందంటూనే, దేశంలో ఉండే హక్కు పౌరులదేననీ, పద్ధతి ప్రకారమైతే పంపేయవచ్చనీ అంది. అంటే ఇక్కడున్నంతసేపూ ప్రాణానికి రక్షణ ఉంది, ప్రాణం పోయే చోటికి తోలెయ్యకుండా మాత్రం రక్షణ లేదు! నా పేచీ దీంతోనే.

చలికాలం వస్తే బాలాపూర్‌లో కంబళ్లు పంచేవాళ్లకు కొదవలేదు, ఫొటోలకూ లేదు. నోటీసొస్తే చదివి, గడువెప్పటికో చెప్పి, వకాలత్‌నామా వేసే లాయర్లు మాత్రం దొరకడం లేదని ఆ అమ్మాయి అంటోంది. ఈ కాలమ్ చదివే వకీళ్లు కొందరున్నారని నాకు తెలుసు. ఆదివారాలు కోర్టుకు సెలవే కదా.