ఆరో వేలూ, ఓ గ్రూపూ

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక కోచింగ్ చిట్కా. మైత్రీవనం వెనక సందులో టిఫిన్ బండి దగ్గర ఇద్దరు నీట్ పిల్లలు ఉప్మా దోసె తింటూ బట్టీ పడుతున్నారు: ‘‘బహిర్గతం గెలుస్తుంది, అంతర్గతం ఓడుతుంది. గెలిచిందే జనంలో ఎక్కువ.’’

మొదటి ముక్క పరీక్షకి సరిపోతుంది. రెండోది శుద్ధ తప్పు. ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గతంగానే దిగుతుంది. అమ్మ నుంచో నాన్న నుంచో ఆ జన్యువు ప్రతి ఒక్కటి వస్తే చాలు. అయినా అమీర్‌పేట మెట్రోలో కంబీ పట్టుకున్న చేతుల్లో ఆరువేళ్లవి ఎన్ని కనిపిస్తాయి? ఓ రక్తం గ్రూపేమో అంతర్గతం, ఇద్దరి నుంచీ రావాలి. రక్తదాన శిబిరానికి వెళ్తే వరసగా వాళ్లే. గెలవడానికీ జనంలో ఎక్కువగా ఉండడానికీ సంబంధం లేదని 1908లోనే చిన్న లేఖతో తేల్చేశాడు గణితవేత్త హార్డీ. రామానుజన్‌ని కేంబ్రిడ్జికి పిలిపించుకున్న హార్డీయే!

అంతర్గతంగా దాగిన ప్రతులు రెండూ ఒకే బిడ్డలో ఎప్పుడు ఎదురుపడతాయన్నది పెళ్లిళ్లు తేలుస్తాయి. మేనరికంలో ఆ అవకాశం ఎక్కువ. కానీ మేనరికం మానేస్తే సరిపోదు. సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్‌జీ సింగ్, హార్వర్డ్‌ డేవిడ్ రైక్‌ బృందంతో కలిసి 2009లో ‘నేచర్’లో రాసిన వ్యాసంలో ఆర్యవైశ్యుల సంగతి ఉంది. రెండు మూడువేల ఏళ్లుగా దాదాపు తమలో తామే పెళ్లిళ్లు. అందుకే ఎప్పటి పూర్వీకుల దగ్గరో ఉన్న ఒక ఎంజైమ్ లోపం వాళ్లలో తరచుగా కనిపిస్తుంది.

ఆ ఎంజైమ్ జన్యువు ప్రతులు రెండూ చెడ్డవైనా మనిషి నిక్షేపంగా తిరుగుతాడు, ఆపరేషన్ టేబుల్ ఎక్కేదాకా. గొంతులో గొట్టం వేసేముందు కండరాలు సడలడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా అయిదు, పది నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరిచే ఆ ఎంజైమ్ లేకపోతే గంటల తరబడి వెంటిలేటరే ఊపిరి ఆడించాలి.

ఈ సందుల్లో గది అడిగితే ‘‘మీరేమిట్లు?’’ అనే ఓనర్లంటే నాకు ఒళ్లుమంట. అదే ప్రశ్న మత్తు డాక్టర్ వేస్తే మాత్రం సిగ్గుపడకుండా చెప్పండి. ఈ సంగతి తెలిసిన డాక్టర్ అడుగుతాడు. అయితే కులం పేరు చెప్పేది అవకాశాన్నే. ఆ కులంలోనూ చాలామందికి లోపం ఉండదు. వేరేచోట ఎవరో ఒకరికి ఉంటుంది. అసలు సంగతి తేల్చేది రక్తపరీక్షే. కాబట్టి ఆ ప్రశ్నకు హక్కు మత్తు డాక్టర్‌కే, అదీ రక్తపరీక్ష రాసేవరకే. ఓనర్ గారికి అడ్వాన్సు ముడితే చాలు.