వానలో మగ్గం

పోయిన ఆదివారం ఒక పుస్తకావిష్కరణలో ఓ కుర్రకవి మైకు పుచ్చుకుని, "మా బతుకు మేమే రాసుకుంటాం. ఇన్నాళ్లూ మీరు రాసింది చాలు" అన్నాడు. ముందు వరసలో కూర్చున్న నాకు చురుక్కుమంది. టీ కూడా తాగకుండా వచ్చేశాను.

దారంతా జవాబులు కట్టుకున్నాను. బ్రాహ్మణ ఇంట పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాయకపోతే? 1922లో వచ్చిన ఆ నవలకు దొరల ప్రభుత్వం జడిసి నిషేధం పెట్టలేదూ? పోనీ, అటునుంచి చూద్దాం. దళిత కవి జాషువా తనవాళ్ల గోడు చెప్పే 'గబ్బిలం' ఒక్కటే రాసి ఊరుకున్నాడా? అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1932లో, 'ఫిరదౌసి' రాశాడు. వినుకొండ మనిషికి పారశీక కవితో ఏం పని? మాటిచ్చిన బంగారం ఎగ్గొట్టిన గజినీ సుల్తాను కథలో, తానెరిగిన అవమానమేదో ఆయనకు కనిపించి ఉంటుంది.

జవాబు దిట్టంగా కుదిరింది. సాక్ష్యానికి నా పాత కథ ఒకటి బయటికి తీశాను. అక్కడొచ్చింది చిక్కు.

అది చీరాల వైపు నేతగాళ్ల కథ. 'వాన' అనే మాట ఉండగా 'వర్షం' అని రాసేవాళ్ల మీద ఈ కాలమ్‌లో నేనెన్నోసార్లు విరుచుకుపడ్డాను. ఆ కథలో పేజీ నిండా 'వాన'లే. బయట ముసురు, లోపల మగ్గం చప్పుడు, తాత కూనిరాగం. అచ్చయ్యాక మురిసిపోతూ ఆ ఊరికే పట్టుకెళ్లి, నేతపని చేసే ఒక పెద్దాయనకు చదివి వినిపించాను. ఆసాంతం విన్నాడు.

"వాన బాగా రాశావు బాబూ. మరి గుంటలో నీళ్లూరవా?"

నాకు అర్థం కాలేదు. లోపలికి తీసుకెళ్లి చూపించాడు. గుంట మగ్గం. నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి తొక్కాలి. ముసురు పట్టిందా, నేల చెమర్చి గుంటలో నీళ్లు నిలుస్తాయి. మగ్గం ఆగుతుంది, దాంతో కూలీ ఆగుతుంది. "ఆ రోజుల్లో మా ఆడోళ్లు పక్కింటికి బియ్యం బదులుకు పోతారు" అన్నాడు. సరిగ్గా అక్కడే నేను కూనిరాగం పెట్టాను.

ఉన్నవనూ జాషువానూ అడ్డం పెట్టుకుని నేను కాపాడుకొస్తున్నది ఈ కథనా? ఫిరదౌసి లేని జాషువాను ఇప్పటికీ ఊహించుకోలేను. కానీ జాషువా రాసేనాటికి ఫిరదౌసి పోయి తొమ్మిది వందల ఏళ్లు దాటింది. నా పెద్దాయన బస్సెక్కితే చేరే దూరంలో ఉన్నాడు. రాయకముందు వెళ్లి ఒక్క పూట కూర్చోలేదు. అచ్చయ్యాక మెప్పు కోసం వెళ్లాను.

సంపుటిలో వేద్దామని ఈ వారం వాన తీసేసి ఎండ పెట్టాను. ఎండలకు నూలు పెళుసెక్కి పోగులు తెగుతాయని ఎక్కడో చదివాను. తెగినప్పుడల్లా మనిషి ఏమని తిట్టుకుంటాడో అందులో లేదు. అడుగుదామంటే పెద్దాయన పోయి ఆరేళ్లయింది.