చోటా భీముడు, లడ్డు, కాలము

సాయంకాలం బడి విడిచిన తరువాత నార్కట్‌పల్లి వంటి ఊళ్లలో పిల్లలు టెలివిజను ముందు చేరి చూసే బొమ్మల కథలలో "చోటా భీమ్" ముఖ్యమైనది. హైదరాబాదులో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషను సంస్థ దీనిని తయారుచేసింది. 2008లో పోగో ఛానలులో మొదలయింది. అంతకుముందు జపాను, అమెరికా బొమ్మలకే అలవాటు పడిన పిల్లలకు ఇది ధోవతి కట్టిన తొమ్మిదేళ్ల కుర్రవాడిని నాయకుడిగా ఇచ్చింది. ఆ మెప్పు దానికి దక్కవలసినదే.

కథ జరిగేది ఢోలక్‌పూరు రాజ్యంలో. రాజు ఇంద్రవర్మ, రాజకుమారి ఇందుమతి. భీముడి పక్షాన చుట్కీ, రాజు అనే చిన్నవాడు, మాట్లాడే కోతి జగ్గు; ఎదుటిపక్షాన కాలియా, అతడి వెంట ఢోలు, భోలు. కోటలు, మాంత్రికులు, బందిపోట్లు అన్నీ ఉన్నవి కనుక దీనిని మధ్యయుగమనవచ్చును. కాని ఏ శతాబ్దమో ఎవరూ చెప్పలేరు. కథల నడక పిల్లలందరికీ కంఠస్థమే. భీముడు చిక్కులో పడతాడు. చుట్కీ లడ్డు విసురుతుంది. అది నోట పడీపడగానే కండలు పొంగుతవి, గుండు లేస్తుంది, శత్రువు గాలిలో ఎగిరిపోతాడు.

దీనిని చూసి విజ్ఞానశాస్త్రం బోధించే పెద్దలు కొందరు "అంతా అబద్ధం" అని కొట్టివేస్తారు. అది తొందరపాటు. కోతి మాట్లాడుతున్నదని తప్పుపట్టడం వట్టి చాదస్తం; పంచతంత్రంలో జంతువులన్నీ మాట్లాడుతూనే ఉన్నవి గదా! కథకు ఉండవలసిన స్వేచ్ఛ కథకు ఉన్నది. అయితే ఆ లడ్డు సంగతి ఒకసారి లెక్కవేసి చూడడం మంచిది. ఫలితం కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది.

చెరువుగట్టు కొండ దగ్గర కనబడే నల్లరాతి గుండ్లలో ఒక చిన్నదానిని తీసుకొందాం. ఒక ఘనమీటరుకు కాస్త మించిన గుండు 3,000 కిలోగ్రాములు తూగుతుంది. దానిని ఒక మీటరు ఎత్తడానికి కావలసిన శక్తి సుమారు 30,000 జౌళ్లు. 50 గ్రాముల లడ్డులో సుమారు 200 కిలోకెలొరీలు, అంటే 8 లక్షల జౌళ్లకు పైగా శక్తి ఉంటుంది. కండరాలు ఆహారశక్తిలో ఇంచుమించు నాలుగోవంతునే పనిగా మార్చగలవు. మిగిలినది వేడిగా పోతుంది. అయినా 2 లక్షల జౌళ్లు మిగులుతవి. ఆ గుండును ఆరుసార్లు ఎత్తడానికి ఇది చాలును! శక్తినిత్యత్వ సూత్రానికి చోటా భీముడు ద్రోహం చేయలేదన్నమాట.

ద్రోహం జరిగినది కాలానికి. గుండును ఒక్క సెకనులో ఎత్తితే సామర్థ్యం 30,000 వాట్లు, అనగా 40 అశ్వసామర్థ్యాలు. రోజంతా కాయకష్టం చేసే మనిషి సామర్థ్యం సుమారు 75 వాట్లు మాత్రమే. ఆ లెక్కన గుండు లేవడానికి దాదాపు 7 నిమిషాలు కావాలి. అదికూడా తగిన మీటకర్రలో, కప్పీలో ఉంటేనే. మింగిన లడ్డు అరగాలి, అందులోని చక్కెర రక్తంలో కలవాలి. దానికి చాలా నిమిషాలు పడుతుంది. ఈ క్షణాన చేసే పనికి శక్తి వచ్చేది కండరాలలో ముందే నిలువ ఉన్న దానినుంచి. అంటే నిన్న తిన్న అన్నమే నేటి బలం.

ఈ విషయంలో మహాభారతకర్త బొమ్మల కథకులకంటె జాగ్రత్తపడ్డాడు. నాగలోకంలో భీమసేనుడు ఎనిమిది కుండల రసం త్రాగి నిద్రపోయాడనీ, అది జీర్ణమై ఎనిమిదవనాడు గాని మేల్కొనలేదనీ ఆదిపర్వం చెబుతున్నది. బలానికి లెక్కలేకపోయినా అరుగుదలకు మాత్రం గడువు ఇచ్చారు.

శక్తి చాలినంత మాత్రాన దేహం చాలదు. కండరం అడ్డుకోతలో చదరపు సెంటీమీటరుకు సుమారు 30 న్యూటన్ల బలమే ఇవ్వగలదు. గుండు బరువు సుమారు 30,000 న్యూటన్లు. కాబట్టి కండరం మందం 1,000 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. పిల్లవాడి నడుమే అంత ఉండదు. ఎముకలకూ ఇదే చిక్కు. ఆకారం పెరిగితే బరువు ఘనంగానూ, ఎముక బలం వర్గంగానూ పెరుగుతవని గెలీలియో 1638లోనే వివరించాడు.

ఎముక మాట వచ్చినప్పుడు నల్లగొండ ప్రాంతపు పాఠకుడికి వేరొక సంగతి తట్టక మానదు. ఇక్కడి నల్లరాతి పొరలలోని బోరుబావుల నీటిలో ఫ్లోరైడు అధికం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏళ్ల తరబడి త్రాగితే పళ్లు గారపట్టి, ఎముకలు వంగి బిగుసుకుపోవడం ఈ జిల్లా కళ్లారా చూసినది. పటిక, సున్నం వేసి నీటిని శుద్ధిచేసే ఒక విధానానికి "నల్లగొండ పద్ధతి" అని పేరు నిలిచిపోయింది. గొట్టాల ద్వారా కృష్ణాజలం వచ్చిన తరువాత పరిస్థితి చాలవరకు మెరుగుపడింది. బలం క్షణంలో రాదు. పోయేటప్పుడు కూడా క్షణంలో పోలేదు, ఒక్కొక్క గుక్కతో పోయింది. బలమంతా నోట పడిన ఒక ఉండలో ఉన్నదని నవ్వుతూ చూపే కథ ఇతర ప్రాంతాలలో వట్టి వినోదం కావచ్చును. ఇక్కడ ఉపాధ్యాయుడు దానికి ఒక మాట చేర్చక తప్పదు.

2012లో వచ్చిన "చోటా భీమ్ అండ్ ద కర్స్ ఆఫ్ దమ్యాన్" చలనచిత్రంలో భీముడు వేయేళ్లు వెనుకకు, బంగారునగరమైన సోనాపూరుకు పోతాడు. నార్కట్‌పల్లి పిల్లవాడు వేయేళ్ల వెనుకకు పోవాలంటే మంత్రం అక్కరలేదు. సుమారు 20 కిలోమీటర్లు పోతే కందూరు చోడుల పానగల్లు ఉన్నది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో ఒక గర్భగుడి గోడమీద స్తంభం నీడ పగలంతా కదలక నిలిచి ఉంటుంది. సూర్యుడు తిరుగుతున్నా నీడ తిరగకపోవడానికి కారణం, నేరుగా పడే కిరణాలు కాక పక్కల నుంచి చెదరి వచ్చే వెలుతురు స్తంభాలమీద పడడమే. ఏ మాంత్రికుడి గుహలోనూ ఇంత మంచి దృశ్యం లేదు. పైగా దీనిని కొవ్వొత్తితో, పెన్సిలుతో తరగతిలో పరీక్షించి చూడవచ్చును.

ఆలయం దగ్గరే ఉదయసముద్రం చెరువు. నాడు వాన నీటిని పట్టి పొలాలకిచ్చినది. నేడు కృష్ణానీటిని నిలిపే జలాశయం. ఢోలక్‌పూరు కథలలో లోటు ఇక్కడ తెలుస్తుంది. టున్‌టున్ మౌసి లడ్డులకు శనగలు, చెరకు ఏ నీటితో పండినవి? రాజు, కోట, కొట్లాట ఉన్నవి గాని, నీరు నిలిపినవాడు ఆ కథలకు ఎన్నడూ నాయకుడు కాడు. మాయలు చూపడం దోషం కాదు. మధ్యయుగమంతా మాయలతోనే నడిచినట్లు తోచడం దోషం.

ఆ లడ్డునే గట్టు పోసే మనిషికి ఇచ్చి చూడండి. 20 కిలోగ్రాముల మట్టిగంప, 50 కిలోగ్రాముల మనిషి, 10 మీటర్ల గట్టు. ఒక్కసారి ఎక్కడానికి సుమారు 7,000 జౌళ్ల పని. ఒక లడ్డుకు 30 గంపలకు దగ్గరగా వస్తుంది. ఉదయసముద్రం గట్టుకు ఎన్ని లడ్డులు పట్టినవో విద్యార్థులు లెక్కకట్టవచ్చును. పొడవు, ఎత్తు, వెడల్పు మాత్రం పానగల్లు వెళ్లి కొలుచుకోవాలి.