నూకగింజంత ముక్క

“మేడమ్, ఇంకా ఎన్ని స్లైడ్లు కావాలో ఇప్పుడే చెప్పేయండి. బ్లాకు మళ్లీ మళ్లీ మిషను ఎక్కిస్తే ఏమీ మిగలదు.”

బ్లాకును పలచగా కోసే మైక్రోటోమ్ ముందు కూర్చునే మా టెక్నీషియన్ ఈ మాట అన్నాడంటే ఆ పూట ఊపిరితిత్తుల బయాప్సీ వచ్చిందని అర్థం. పాతికేళ్లుగా పేథాలజీ చేస్తున్నాను. గర్భసంచి, థైరాయిడ్, రొమ్ముగడ్డ, ఏది వచ్చినా కోసుకుని చూడ్డానికి కావలసినంత ఉంటుంది. ఊపిరితిత్తుల దగ్గర ఆ వెసులుబాటు లేదు. సీటీ స్కాన్‌లో చూసుకుంటూ పక్కటెముకల సందులోంచి సూది పోనిచ్చి, దారప్పోగుల్లాంటి రెండు మూడు ముక్కలు తీస్తారు. అందులో చాలాసార్లు సగం రక్తపుగడ్డ, చచ్చిన కండ. మైనంలో పోసి బ్లాకు చేశాక అసలు క్యాన్సర్ ఉన్న భాగం నూకగింజంత. ఏ మందు పనిచేస్తుందో ఇవాళ చెప్పాల్సింది ఆ నూకగింజే.

నేను చదువుకున్న రోజుల్లో దాన్ని ఇంతలా అడిగేవాళ్లం కాదు. స్మాల్ సెల్ అనే రకం అవునా కాదా చెబితే చాలు, రిపోర్టు పూర్తయిపోయేది. కాదంటే అందరికీ ఇంచుమించు ఒకటే కీమో. 2004లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పులున్న రోగులకు ఒక తరహా మాత్రలు బాగా పనిచేస్తాయని తేలాక మా పని మారిపోయింది. ఆ తర్వాత మూడేళ్లకు ఏఎల్‌కే వచ్చింది. నా మనసుకు దగ్గరగా ఉన్నది ఇదే.

మన రెండో క్రోమోజోమ్ పొట్టిచేతి మీద ఈఎంఎల్4, ఏఎల్‌కే అని రెండు జన్యువులు ఎడంగా ఉంటాయి. ఆ భాగం రెండు చోట్ల తెగి, తలకిందులై మళ్లీ అతుక్కుంటే మొదటి జన్యువు ముందు సగం వెళ్లి రెండోదాని వెనక సగానికి కలుస్తుంది. ఏఎల్‌కే అంటే కణాన్ని పెరగమని చెప్పే స్విచ్చు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో అది ఆరిపోయే ఉంటుంది. ఈ అతుకు పడిందంటే వెలిగి కూర్చుంటుంది, ఇక ఆరదు. జపాన్‌లోని జిచి వైద్య విశ్వవిద్యాలయంలో హిరోయుకి మానో బృందం దీన్ని కనిపెట్టి 2007లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. వాళ్లకు ఇది మొదట దొరికింది 62 ఏళ్ల ఒక మగమనిషి కణితిలో. ఆయనకు పొగతాగే అలవాటు ఉంది.

ఈ చివరి ముక్కను మా పీజీ పిల్లలకు ప్రతి ఏడాదీ చెబుతాను. ఎందుకంటే తర్వాత వేలమందిని పరీక్షించాక, ఈ రకం ఎక్కువగా వయసులో చిన్నవాళ్లలో, పొగ ముట్టనివాళ్లలో కనిపిస్తుందని తేలింది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో పెద్ద వర్గమైన నాన్ స్మాల్ సెల్ రకంలో వందకు ముగ్గురు నుంచి ఐదుగురు దాకా వీళ్లు. లెక్క నిజమే. అయితే ఆ లెక్క చూసి “ఈయన బీడీలు తాగుతాడు కదా, ఏఎల్‌కే పరీక్ష ఎందుకు” అనేవాళ్లు తయారయ్యారు. మొట్టమొదటి కేసే పొగతాగే మనిషిదని గుర్తుంటే ఆ మాట నోట రాదు. రోగి వయసు, ఆడా మగా, అలవాట్లు చూసి ఈ పరీక్షను మానేయకూడదని అమెరికా పేథాలజిస్టుల కాలేజీ, అంతర్జాతీయ ఊపిరితిత్తుల క్యాన్సర్ సంఘం వంటివి కలిసి 2013లోనే మార్గదర్శకాల్లో రాశాయి.

నాకూ ఈ సంగతి తేలిగ్గా తలకెక్కలేదు. విశాఖ కేజీహెచ్‌లో పీజీ చేసే రోజుల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలి బయాప్సీలు ఎన్నో చూశాను. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు అది. పొగ, దాని వెంట పుండు, దాని వెంట క్యాన్సర్, అలా వరస కళ్లముందు కనబడేది. అలా చదువుకున్నవాళ్లకు, జన్మలో పొగ ఎరగని మనిషి ఊపిరితిత్తిలో క్యాన్సర్ ఉందంటే స్లైడు మారిపోయిందేమోనని ముందు అనుమానం వస్తుంది.

తెనాలి దగ్గర నుంచి వచ్చిన ఒక టీచరమ్మ విషయంలో నాకు అదే అనుమానం వచ్చింది. నలభై నిండలేదు. దగ్గు, ఒక పక్క నెమ్ము చేరింది. కళ్లెలో టీబీ క్రిమి కనబడకపోయినా ఆమెకు ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. మన దేశంలో ఇది కొత్త కథ కాదు. టీబీ అంత ఎక్కువగా ఉన్నచోట ఎక్స్‌రేలో మచ్చ కనబడితే వైద్యుడి చెయ్యి ముందు అటే పోతుంది. మందులకు మచ్చ తగ్గనప్పుడైనా ఆగి చూడాలి, ముక్క తీయాలి. ఆమెకు ఆ ముక్క తీసేసరికి మందులు మొదలై ఏడో నెల నడుస్తోంది.

స్లైడు పెట్టి చూస్తే అడినోకార్సినోమా, నాన్ స్మాల్ సెల్‌లోనే ఒక రకం. కొన్ని కణాల్లో జిగురు నిండి, కేంద్రకం ఒక పక్కకు ఒత్తిగిలి, ఉంగరంలా కనిపించాయి. ఇలాంటివి ఏఎల్‌కే కణితుల్లో తరచుగా ఉంటాయి. వెంటనే టెక్నీషియన్‌ని పిలిచి, కావలసిన స్లైడ్లన్నీ ఒకే విడతలో కోయమన్నాను. బ్లాకును మిషను నుంచి దించి మళ్లీ ఎక్కిస్తే, పైభాగం సమం చేసుకోవడానికే కొంత కండ చెక్కాలి. మూడుసార్లు ఎక్కిస్తే క్యాన్సర్ అంతా ఆ చెక్కుడులోనే పోతుంది. నాలుగు మైక్రాన్ల మందాన రిబ్బను కోసి, గోరువెచ్చని నీటి మీద తేల్చి, గాజుపలకల మీదకు ఎత్తి, రంగు వేయకుండా దాచాం. రకం తేల్చడానికి టీటీఎఫ్-1, పీ40 అనే రెండు స్టెయిన్లతో సరిపెట్టాను.

ఏఎల్‌కే స్టెయిన్ వేసేటప్పుడు అదే పలక మీద అపెండిక్స్ ముక్క ఒకటి పెడతాం. అపెండిక్స్ గోడలో ఉండే నరాల కణాలకు సహజంగానే ఏఎల్‌కే ఉంటుంది. అవి రంగు పట్టాయంటే స్టెయిన్ సరిగా పడిందని నమ్మకం. ఆ రోజు ముందు అపెండిక్స్ చూశాను, నరాల కణాలు గోధుమరంగు పట్టాయి. పలకను జరిపాను. క్యాన్సర్ కణాలన్నీ కాఫీపొడి చల్లినట్టు ముదురుగా ఉన్నాయి, పక్కనున్న మామూలు ఊపిరితిత్తి తెల్లగా ఉంది. అక్కడ ఉండకూడని ప్రొటీన్ కాబట్టి తేడా అంత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అయినా జిగురు, ఊపిరితిత్తిలో తిరిగే శుభ్రపరిచే కణాలు ఒక్కోసారి రంగు పట్టి మోసం చేస్తాయి. అందుకే చూసిన వెంటనే రాసేయకుండా అరగంట ఆగి మళ్లీ చూశాను.

అనుమానం మిగిలితే ఫిష్ అనే పరీక్ష ఉంది. చీకటి గదిలో, ఏఎల్‌కే జన్యువుకు అటు ఎరుపు చుక్క, ఇటు పచ్చ చుక్క అంటించి చూస్తాం. జన్యువు బాగుంటే రెండూ ఆనుకుని ఉంటాయి. తెగితే రెండు చుక్కల వెడల్పుకన్నా ఎడంగా జరుగుతాయి, లేదా ఎర్రచుక్క ఒంటరిగా మిగులుతుంది. 50 కణాలు లెక్కపెడతాం. తెగినవి ఐదుకన్నా తక్కువుంటే లేదని, పాతిక దాటితే ఉందని అంటాం. మధ్యలో పడితే ఇంకొకరు కూర్చుని వేరే 50 లెక్కపెట్టాలి, రెండూ కలిపి నూటికి 15 అయితే ఉన్నట్టు. కళ్లు మండుతాయి. అయినా ఈ పని మా చిన్నవాళ్ల చేత చేయిస్తాను, చెయ్యి తిరగాలని.

ఇంత జాగ్రత్త నాకు నేర్పింది ఒక తప్పు. పదేళ్ల కిందట ముప్పై నాలుగేళ్ల యువకుడి బయాప్సీ వచ్చింది. ఎక్కడో చిన్న నర్సింగ్‌హోమ్‌లో తీసి, ఫార్మలిన్‌లో వేయాల్సింది సెలైన్‌లో వేసి పంపారు. ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉంటేనే కణం, దానిలోని డీఎన్‌ఏ నిలుస్తాయి. ఆ ముక్క సగం పాడై వచ్చింది. మిగిలిన సగాన్ని నేను పాడుచేశాను. ఏ రకమో కచ్చితంగా తేల్చాలన్న పట్టుదలతో ఎనిమిది స్టెయిన్లు వేయించాను. రకం తేలింది, బ్లాకులో కండ అయిపోయింది. జన్యు పరీక్షకు ఏమీ మిగల్లేదు. రెండోసారి సూది వేయడానికి అతని ఒంట్లో సత్తువ లేదు. అతనిది ఏఎల్‌కే అవునో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు.

తెలిస్తే ఏమయ్యేది అంటే, చాలా అయ్యేది. మానో పరిశోధన వచ్చిన మూడేళ్లకే, 1,500 మంది దాకా రోగుల ముక్కలు పరీక్షించి ఏఎల్‌కే ఉన్న 82 మందికి క్రిజోటినిబ్ మాత్ర ఇచ్చి చూస్తే 57 శాతం మందిలో కణితి కుంచించుకుపోయింది. 2011లో అమెరికా ఆ మందుకు అనుమతి ఇచ్చింది. తర్వాత వచ్చినవి ఇంకా మెరుగు. ముదిరిన దశలో లార్లాటినిబ్‌తో మొదలుపెట్టినవాళ్లలో 60 శాతం మందికి ఐదేళ్లయినా జబ్బు ముదరలేదని 2024లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. పాత క్రిజోటినిబ్ వాడినవాళ్లలో అది 8 శాతమే. ఈ మాత్రల ఖరీదుకు కుటుంబాలు బెదిరిపోతాయి, ఆ బాధ నాకు తెలుసు. కానీ కొనగలరో లేదో మనమే లెక్కవేసి పరీక్ష రాయకపోవడం మాత్రం తప్పు. రకం తెలిస్తే పథకమో, సాయమో, ట్రయలో ఏదో ఒకటి వెతుక్కోవచ్చు. తెలియకపోతే వెతకడానికే ఆధారం లేదు.

టీచరమ్మ భర్త రిపోర్టు కోసం వచ్చినప్పుడు కౌంటర్లో మైనం ముక్కున్న చిన్న ప్లాస్టిక్ డబ్బీ కూడా ఇచ్చారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, “డాక్టర్ గారూ, ఇది కూడా మేమే ఉంచుకోవాలాండీ?” అని అడిగారు. ఉంచుకోవాలండీ అన్నాను. ఆమెకు మాత్రలు మొదలయ్యాయి. కొన్నేళ్లకు జబ్బు మందుకు లొంగకపోతే జన్యువులో కొత్తగా ఏం మారిందో మళ్లీ చూడాలి, అప్పుడు పాతదానితో పోల్చడానికి ఆ డబ్బీయే కావాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ అని రిపోర్టు వస్తే, అందులో అడినోకార్సినోమా అని ఉంటే, ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే పరీక్షలు చేశారా అని డాక్టరు గారిని అడగండి. పొగ తాగేవారైనా అడగండి. ముక్క చాలలేదంటే రక్తంతో చేసే పరీక్ష ఉందేమో అడగండి, అందులో ఏమీ కనబడకపోతే మాత్రం జన్యువు బాగున్నట్టు కాదని గుర్తుంచుకోండి. ల్యాబు నుంచి బ్లాకు అడిగి తీసుకుని, మీద పేరు, నంబరు సరిచూసుకుని బీరువాలో పెట్టుకోండి. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది.